ముప్పై అయిదు బొట్టుపరిగెలు

6-9-2004, సోమవారం

పొద్దుటి నుంచి మబ్బుగానే ఉంది, చినుకు లేదు. బుల్లయ్య స్ప్రేయరుకు వాషరు మార్చాను. మడుగులో నీళ్లు రెండడుగుల అయిదంగుళాలు. గుప్పెడు బొరుగులు చల్లితే పైకొచ్చిన బొట్టుపరిగెలు నూట పన్నెండు. పోయిన సోమవారం కంటే నాలుగు తక్కువ. గాలికి నీళ్లు కదిలి సరిగ్గా కనపడలేదు.

గుంటూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు భవ్య. యూనివర్సిటీలో చేపల మీద పరిశోధన చేస్తోంది. మడుగుకు దారి అడిగితే ఊళ్లోవాళ్లు నా రిపేరు షెడ్డు చూపించారట. "చేపల సాయిబు గారంటే మీరేనాండీ" అని అడిగింది. అవునన్నాను. ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు. మందు కొట్టిన స్ప్రేయర్లు వాగులో కడగొద్దు, నా షెడ్డు వెనక గుంట తవ్వాను అందులో కడగండి, కడగనివాడి మిషను నేను ముట్టుకోను అని ఏడేళ్లుగా అంటున్నందుకు జనం పెట్టారు.

బొట్టుపరిగె కోసమే వచ్చింది. వేలెడు చేప, తోక మొదట్లో నల్ల బొట్టు. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, దాని కోసం ఒక మనిషి బస్సెక్కి వస్తుందని అనుకోలేదు. ఇవి మూడు నాలుగు వాగుల్లోనే మిగిలాయట. మన మడుగులోవి మిగతావాటి నుంచి విడిపోయి కొన్ని లక్షల ఏళ్లయి ఉంటుందని ఆ అమ్మాయి అనుమానం. అది తేలితే ఈ మడుగును కాపాడమని గట్టిగా అడగొచ్చట.

నా లెక్కల పుస్తకాలు చూపించాను. నీటి లోతు, చేపల లెక్క, వాన. నాలుగేళ్లవి తిరగేసి చాలా సంతోషపడింది. ఇంకా పాతవి ఉన్నాయా అంది. పెట్టె అడుగున ఉన్నాయి, తీయడం కష్టమన్నాను. పెట్టె అడుగున ఉన్న మాట నిజమే.

8-9-2004

ఎండ. పని ముట్టుకోలేదు.

భవ్య వల వేసి ఇరవైనాలుగు పరిగెలు పట్టింది. ఒక్కోదాని తోక రెక్క నుంచి వడ్లపొట్టంత ముక్క కత్తిరించి, స్పిరిట్ పోసిన చిన్న ట్యూబులో వేసి, చేపను మళ్లీ నీళ్లలో వదిలేసింది. ఒక్కటీ చావలేదు. ట్యూబులు నేను అందించాను. నంబర్లు ఆ అమ్మాయి రాసింది. ముందు రోజు పొదిలి అవతలి వాగులో కూడా ఇట్లాగే తీసిందట. ఆ ట్యూబులూ అదే పెట్టెలో ఉన్నాయి.

మా అక్క జాన్‌బీ టీ తెచ్చింది. ఇంత ముక్కలో ఏం చూస్తావమ్మా అని అడిగింది. భవ్య ఓపిగ్గా చెప్పింది. ప్రతి ప్రాణి ఒంట్లో కణాలుంటాయి, వాటిలో మైటోకాండ్రియా అని ఉంటాయి, మనకు శక్తినిచ్చేవి అవే. వాటికి వేరే వంశపు రాత ఉంటుంది. అది తల్లి నుంచే వస్తుంది, తండ్రి నుంచి రాదు. తల్లికి ఆమె తల్లి నుంచి వస్తుంది. ఎన్ని తరాలు పోయినా అదే రాత. ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం మారుతుంది. రెండు చేపల మధ్య ఎన్ని అక్షరాలు మారాయో లెక్కపెడితే అవి ఎప్పుడు విడిపోయాయో చెప్పొచ్చు.

"అయితే మా ఇంటి రోలు లాంటిదే" అంది అక్క. "మా అమ్మమ్మది అమ్మకొచ్చింది, అమ్మది నాకొచ్చింది, నాది నా కూతురు నగ్మాకి పోతుంది. వీడికి రాలేదు."

"ఆయనకీ వచ్చిందండీ. కాకపోతే ఆయన ఇంకెవరికీ ఇవ్వలేరు."

"వీడు చేతికొచ్చిందేదీ ఇంకొకళ్లకు ఇవ్వడు లేమ్మా. మాటతో సహా."

ఇద్దరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అమ్మ పోయి ఇరవై రెండేళ్లు. ఆమెది నా ఒంట్లో ఏదో మారకుండా ఉందంటే సంతోషంగా ఉంది.

ఈ చేపలు ఎప్పుడూ ఇక్కడివేనా అని భవ్య అడగలేదు. అడగనిదానికి ఏం చెబుతాం.

9-9-2004

ఎండ. మూడు స్ప్రేయర్లు. అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే.

18-10-2004

రాత్రి చిన్న వాన పడింది. రంజాన్ ఉపవాసం. పత్తికి మందు కొట్టడం ఊపందుకుంది. కడిగే గుంట దగ్గర ఆరుగురు వరుసలో నిలబడ్డారు. వాళ్లలో బుల్లయ్యే పెద్దవాడు. "ఒరేయ్ సాయిబూ, నీ గుంటకు టిక్కెట్టు పెట్టరా, సినిమాహాలు కన్నా జనం ఎక్కువున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు, అందరూ గుంటలోనే కడిగారు. బుల్లయ్య నోరు పెద్దది గానీ మాట తప్పడు. అలాంటివాళ్లు ఉండబట్టి గుంట నిలబడింది.

23-11-2004

మడుగు దగ్గరికి వెళ్లలేదు. పని ఎక్కువ.

17-3-2005, గురువారం

ఎండ ముదిరింది. కళ్లాల్లో మిరపకాయలు ఆరబోశారు, గాలి ఇటు తిరిగినప్పుడల్లా దగ్గు. స్ప్రేయరు పని లేదు. మడుగులో నీళ్లు అడుగు మూడంగుళాలు. పరిగెలు ఎనభై.

భవ్య వచ్చింది. తుమ్ములతో కళ్లు నీళ్లు కారుతున్నాయి. మిరప ఘాటే అనుకున్నాను. కాసేపటికి అది ఒక్కటే కాదని తెలిసింది.

పరీక్షలయ్యాయి. ఆరొందల అక్షరాల ముక్క చదివారు. మన మడుగు చేపలకూ పొదిలి వైపు చేపలకూ పంతొమ్మిది అక్షరాలు తేడా. చూపుకు ఒక్కటే, రాతకు వేరు. ఆ అమ్మాయి అనుకున్నదే నిజమైంది. అయితే ఇరవైనాలుగింటిలో మూడింటి రాత అచ్చం పొదిలి రాతే. ఒక్క అక్షరం కూడా తేడా లేదు.

వాళ్ల గైడు ఒప్పుకోలేదట. రెండు చోట్ల ట్యూబులు ఒకే పెట్టెలో పెట్టి కలిపేశావు, మూడు తప్పయితే మిగతావి ఒప్పని ఎట్లా నమ్మాలి, మొత్తం పారేసి మళ్లీ మొదలుపెట్టు అన్నాడట. జులైతో గడువు అయిపోతుంది. మళ్లీ చేయడానికి వీల్లేదు.

"నేనే కలిపేసుంటాను బాబాయ్ గారూ" అంది. "నంబర్లు వేసేటప్పుడు మాటల్లో పడ్డాను."

ఆ రోజు మాటల్లో పెట్టింది మా అక్క. ట్యూబులు అందించింది నేను. ఒక్క ట్యూబూ మారలేదు.

రెండు పెట్టెల్లో నట్టులు కలిస్తే అటువి ఇటూ, ఇటువి అటూ రావాలి కదా, మనవి మూడు పొదిలి లెక్కలో తేలాయా అని అడిగాను. లేదు, అదే నాకూ అర్థం కావడం లేదు, సార్ వినడం లేదు అంది. నా వంక ఆశగా చూసింది.

టీ తాగమన్నాను. తాగి వెళ్లిపోయింది.

18-3-2005

ఎండ. షెడ్డు ఊడ్చాను.

19-3-2005

షెడ్డు ఊడ్చాను.

20-3-2005

ఊడ్చిందే ఊడుస్తావేంట్రా అని అక్క అడిగింది. ఏమీ లేదన్నాను. నా వైపు చూసి, "నా బిందె సంగతి ఆ పిల్లకు చెప్పావా?" అంది.

చెప్పలేదన్నాను.

"చెప్పు మరి. చేపలు తెచ్చావు గానీ చంపలేదు కదా."

అక్కకు బిందె సంగతే తెలుసు. అందుకు ముందుది తెలియదు. ఈ పుస్తకాల్లోనూ రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

1997లో పత్తికి పట్టిన పురుగు ఏ మందుకూ చావలేదు. రోజు విడిచి రోజు కొట్టారు. అప్పుడు నా షెడ్డు మడుగు గట్టు మీదే ఉండేది. నవంబరు 22న ఒక రైతు పవర్ స్ప్రేయరు తెచ్చి దించాడు. ట్యాంకులో సగానికి మందు ఉంది. విప్పాలంటే ఖాళీ చెయ్యాలి. వంద అడుగులు నడిస్తే బీడు ఉంది, అక్కడ ఒంపొచ్చు. వెనక అయిదుగురు మిషన్లు పట్టుకుని నిలబడి తొందర పెడుతున్నారు. మడుగులోకి ఒంపేశాను. అందరూ అందులోనే కడుగుతున్నారు కదా అనుకున్నాను. కడగడం వేరు, సగం ట్యాంకు ఒంపడం వేరు.

తెలియక చేశాననడానికి లేదు. నేను బడికి పోలేదు, మందు డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. నా అంతట నేను చదివిన మొదటి మాట విషము.

మర్నాటికి చేపలు తెల్లగా తేలాయి. గంపలకెత్తి పూడ్చాం. ఎండకు నీళ్లు వేడెక్కాయని ఎవరో అన్నారు. నవంబరులో ఏం ఎండ. అయినా నేను ఇంటికొచ్చి అదే రాశాను.

రెండు వారాలు బొరుగులు చల్లాను. ఒక్కటీ పైకి రాలేదు. పొదిలి దగ్గర అక్క అత్తగారి ఊరి వాగులో ఇలాంటి చేపే ఉంటుంది. బొట్టు కూడా అదే చోట. చేపకు చేప పెడితే సరిపోతుందనుకున్నాను. అక్క రాగి బిందెలో నలభై ఒకటి వేసి, మూతికి తడిగుడ్డ కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆరు దారిలో పోయాయి. ముప్పై అయిదు వదిలాను. ఆ వేసవి దాటాక మడుగులో మళ్లీ పరిగెలు కనిపించాయి. తెచ్చినవే పెరిగాయనుకున్నాను. అప్పు తీరిందనుకున్నాను.

ఇరవైనాలుగులో మూడే తెచ్చినవైతే మిగతా ఇరవై ఒకటి ఎక్కడివి? ఆ మాట మొన్న భవ్య ముందే తట్టింది. ఆ పిల్ల ఏడుస్తుంటే టీ తాగమన్నాను.

21-3-2005, సోమవారం

ఎండ. మడుగు లెక్క చూడలేదు. తొలి బస్సుకు గుంటూరు వెళ్లాను. అక్కడ బస్సు మారి, పెదకాకాని దాటాక యూనివర్సిటీ దగ్గర దిగాను. 1997 పుస్తకం తువ్వాల్లో చుట్టి పట్టుకున్నాను. వాచ్‌మన్ ఎవరి కోసమంటే చేపల భవ్య గారి కోసమన్నాను. నవ్వి దారి చూపించాడు.

భవ్య నన్ను చూసి కంగారుపడింది, మడుగు ఎండిందేమోనని. లేదని చెప్పి పుస్తకం తెరిచి ముందు పెట్టాను. ఆ అమ్మాయి పైకి చదివింది. "నవంబరు ఇరవైమూడు. ఎండ ఎక్కువగా ఉంది. చేపలు తేలాయి." ఆగి నా వైపు చూసింది. "నవంబరులోనా?"

"ఎండ కాదమ్మా. పురుగుమందు. నేనే ఒంపాను."

తర్వాత బిందె పేజీ చూపించి అదీ చెప్పాను. నిలబడే చెప్పాను. ఇంతసేపు మాట్లాడడం నాకు అలవాటు లేదు, మధ్యలో రెండుసార్లు మంచినీళ్లు తాగాను.

ఆ అమ్మాయి ఆ రెండు పేజీలూ మళ్లీ చదివింది. తర్వాత మెల్లగా అంది. "రెండు నెలలుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను బాబాయ్ గారూ. ఆ రోజు నా పక్కనే కూర్చుని ట్యూబులు అందించారు. అప్పుడే చెప్తే ఏమయ్యేది?"

నువ్వు అడగలేదని నోటిదాకా వచ్చింది. ఆ మాట ఇక్కడ రాసుకోవడానికి బాగానే ఉంది గానీ, ఆ పిల్ల మొహం చూస్తూ అనడానికి కుదరలేదు. సిగ్గేసిందమ్మా అన్నాను.

ఆ అమ్మాయి పెన్ను తీసి లెక్క వేసింది. తేదీ, నలభై ఒకటి, ఆరు, ముప్పై అయిదు. ఎక్కడి నుంచి తెచ్చిందీ రాసుకుంది. రాస్తూ రాస్తూ ఆగింది.

"చచ్చిపోయాయనుకున్నారు కదా. అన్నీ చావలేదండీ. మడుగులో ఎక్కడైనా ఊట ఉందా?"

దక్షిణం వైపు బండ కింద సన్నగా ఊరుతూ ఉంటుందన్నాను. ఎండాకాలం కూడా అక్కడ నీళ్లు చల్లగా ఉంటాయి.

"ఆ బండ పగుళ్లలోకి దూరి కొన్ని బతికుంటాయి. ఇరవైనాలుగులో ఇరవై ఒకటి ఆ మడుగు తల్లుల పిల్లలే."

నేను వరండాలో కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను. ఏడేళ్లుగా ప్రతి సోమవారం బొరుగులు చల్లి లెక్కపెట్టింది వాటినే. పరాయి చేపలనుకుంటూ పెంచాను.

తిరిగొచ్చాక ఇంకో మాట కూడా చెప్పింది, దాచకుండా. ఈ పరీక్షకు తల్లి వైపే తెలుస్తుంది. తెచ్చినవాటిలో మగవి మడుగు ఆడవాటితో కలిసి ఉంటాయి, ఆ కలిసింది ఇందులో కనిపించదు, అది మళ్లీ విడదీయలేం. అర్థమైందన్నాను. చెప్పినందుకు ఆ అమ్మాయి మీద గౌరవం పెరిగింది.

గైడు గారి గదికి తీసుకెళ్లింది. నెరిసిన జుట్టు, కోపిష్ఠి మొహం. నాకు కుర్చీ చూపించి ఆ సంవత్సరం పుస్తకం మొత్తం తిరగేశాడు. "రోజూ రాశారా?" అన్నాడు. రోజూ రాశానన్నాను. "తేదీ ఉంది, లెక్క ఉంది. ట్యూబులు కలవలేదు. సారీ భవ్యా" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆ పిల్ల మొహం ఎట్లా మారిందో నాకు రాయడం రాదు.

పేరు వెయ్యాలా వద్దా అని భవ్య అడిగింది. వెయ్యమన్నాను.

"మందు సంగతి కూడానా?"

"అది లేకపోతే చేపలు ఎందుకు తెచ్చానో చదివేవాళ్లకు ఎట్లా తెలుస్తుందమ్మా."

పుస్తకం జిరాక్సు తీయించడానికి ఉంచుకుంది. బస్సు దాకా వచ్చి సాగనంపింది. రెండు అరటిపళ్లు కొనిచ్చింది. ఒకటి తిని ఒకటి అక్కకు తెచ్చాను.

22-3-2005

అక్కకు అంతా చెప్పాను. చాలాసేపు రోలు తుడుస్తూ కూర్చుంది. చివరికి, ఏడేళ్లు ఒక్కడివే మోశావా అంది. అన్నం పెట్టింది. దేవుడు నాకు ఈ అక్కనిచ్చాడు.

26-3-2005

బుల్లయ్యకు చెప్పాను. ఊరందరికీ తెలిసేలోగా నా నోటితో చెప్పాలనిపించింది. ఈ మడుగు నీళ్లు తాగేది ఆయన గొడ్లే. ఆ యేడు ఒక దూడ పోయింది.

గట్టు మీద కూర్చుని విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టాడు. నోటికొచ్చినవన్నీ తిట్టాడు. అయిపోయాక తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు.

"ఆ యేడు నేనూ ఇందులోనే కడిగాన్రా. నెల పొడుగూతా కడిగా. నువ్వొక్కడివే చంపావని ఎందుకు పెట్టుకుంటావ్? నాకూ కాస్త పెట్టు."

లేచి వెళుతూ, ఇక మీదట నిన్ను చేపల సాయిబనను, మామూలు సాయిబనే అంటానన్నాడు. సాయంత్రం షెడ్డు ముందు నుంచి పోతూ "చేపల సాయిబూ, తాళమేసుకో" అని కేకేశాడు. అలవాటు మీద అని ఉంటాడు. ఆ పిలుపు విని ఇంత స్థిమితంగా అనిపించింది మొదటిసారి ఈరోజే.

11-5-2005

వడగాలి. మడుగులో నీళ్లు ఏడంగుళాలు. చేపలు బండ కిందికి చేరాయి, పైకొచ్చినవి తొమ్మిది. బుల్లయ్య తన బోరు నుంచి గంటసేపు మడుగులోకి నీళ్లు వదిలాడు. నేనడగలేదు.

12-5-2005

మళ్లీ వదిలాడు.

20-7-2005, బుధవారం

తెల్లవారుజాము నుంచి మంచి వాన. ఈ యేడు ఇదే పెద్దది. షెడ్డు రేకు ఒకచోట కారుతుంటే తారు పూశాను.

భవ్య దగ్గర నుంచి పార్సిలు వచ్చింది. పరిశోధన ఒప్పుకున్నారట. మడుగు గురించి అటవీశాఖకు గైడు గారే ఉత్తరం రాశారట. ఏమవుతుందో తెలియదు, అడిగారు, అది చాలు. నా పుస్తకం అట్టవేసి తిరిగి పంపింది. దాంతోపాటు ఒక పేజీ నకలు, ఇంగ్లీషులో ఉంది. నాకు తెలిసింది నా పేరు, 1997, 35, అంతవరకే. కింద తెలుగులో తన చేత్తో రాసింది: బాబాయ్ గారూ, మీ చేపలన్నీ ఒక్క పేజీలో ఉన్నాయి, పాతవీ తెచ్చినవీ.

అక్క ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నా బిందె పేరు వేశారా?" అంది. వేశారన్నాను. ఒక్క అబద్ధం.

ఈరోజు ఒక పని చేశాను. 1997 పుస్తకం తెరిచి నవంబరు 23 పేజీలో ఎండ అన్న మాట ఒక్క గీతతో కొట్టేశాను, కింది అక్షరాలు కనపడేట్టుగానే. పక్కన మందు అని రాశాను. ఈరోజు తేదీ వేసి సంతకం పెట్టాను.

మధ్యాహ్నానికి వాగు పారింది. మడుగు నిండి అంచు దాటింది. లోతు కర్ర మునిగిపోయి కొలవడానికి లేదు. ఈ నీళ్లిచ్చినవాడికి, ఆ బండకు, ఆ పిల్లకు, బుల్లయ్య బోరుకు ఏమిచ్చి రుణం తీర్చుకోవాలో తెలియదు. సోమవారం కాకపోయినా ఈరోజు లెక్క చూద్దామని బొరుగులు కట్టుకున్నాను. బుల్లయ్య స్ప్రేయరు విప్పి బల్ల మీద పెట్టాను, పిస్టను అరిగింది, దానికి

బుల్లయ్య గట్టు మీద నుంచి కేకేస్తున్నాడు. పరిగెలు ఎదురెక్కుతున్నాయట, లెక్కలేనన్ని. అక్క అప్పుడే గొడుగు తీసుకుని బయల్దేరింది. పిస్టనుకు